కంబాలకొండ నుంచి చవితి పుట్ట దాకా

మొదటి రోజు: ఆరిలోవ

దీపావళి మర్నాడు తెల్లారగట్ల విశాఖలో రైలు దిగేసరికి ఊరంతా ఇంకా మతాబుల వాసన. నాతో మావాడు ఒక్కడే వచ్చాడు, పద్నాలుగేళ్లు. మా ఆవిడకి సెలవు దొరకలేదు. నాలుగో రోజు నాగుల చవితి, అది ఆనందపురం అవతల అత్తయ్య ఊళ్లో. ఈలోపు వాడిని రోజుకో కొండ ఎక్కించి, ఆ ఫోన్లోంచి తల పైకెత్తిద్దామని నా ఆశ.

చిన్నాన్న ఇల్లు ఆరిలోవలో, కొండ వారన. ముప్ఫై ఏళ్లు ఫారెస్టులో పనిచేసి రిటైరయ్యాడు. కాఫీ గ్లాసు చేతిలో పెట్టి ఆయన అడిగిన మొదటి మాట, "రేపు కొండకి ఏం వేసుకొస్తావు? ఇలా పట్రా, చూద్దాం." నా ఫ్లోటర్స్‌ని రెండు వేళ్లతో ఎత్తి చూసి గుమ్మం అవతల పెట్టేశాడు. "ఇవి బీచ్‌కి." ఆయన దగ్గర చీలమండ దాటే పాత బూట్లు ఉన్నాయి. అరసైజు పెద్దవి. రెండు జతల మేజోళ్లు తొడిగితే సరిపోయాయి. మావాడి టైట్ జీన్సు కూడా ఆయనకి నచ్చలేదు. ప్యాంటు వదులుగా ఉంటే పాము కోర బట్టలో దిగబడుతుందట, ఒంటికి అతుక్కున్న గుడ్డ అయితే నేరుగా కండలోకే.

తర్వాత కర్రలు తెచ్చాడు. మూడు వెదురు కర్రలు, ఛాతీ ఎత్తువి. మావాడు దాన్ని కత్తిలా తిప్పాడు.

"ఇది పాముని కొట్టడానిక్కాదు. కొట్టావో, ముందు ఈ కర్ర నేనే విరగ్గొడతా" అన్నాడు చిన్నాన్న. పాము చావకుండా, కర్ర విరగకుండా అనే సామెతని మనం లౌక్యానికి వాడతాం. ఆయనకి మాత్రం అది డ్యూటీ రూలు.

రాత్రి ఉక్కగా ఉందని మావాడు వరండాలో చాప వేశాడు. చిన్నాన్న చాప చుట్టేసి, మంచం వేసి, దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపాడు. దోమల కోసం అనుకున్నాం. కట్లపాము కోసమట. అది తిరిగేది రాత్రిపూటే. నేల మీద పడుకున్న మనిషి పక్కకి చేరుతుంది, నిద్రలో మనం కదిలితే కరుస్తుంది. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు, గాటు సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, ఆ తర్వాత ఊపిరి అందదు. "అడవికెళ్తే టెన్షన్ పడతారు, ఇంట్లో నేల మీద హాయిగా పడుకుంటారు" అంటూ లైటు తీసేశాడు. మావాడు తెర అంచులు మళ్లీ ఒకసారి దోపుకున్నాడు.

రెండో రోజు: కంబాలకొండ

హైవేకి ఒక పక్క జూ, రెండో పక్క కంబాలకొండ. సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతుల్లో ఉండేది. ఇంత పెద్ద ఊరిని ఆనుకుని ఇంత అడవి మిగిలి ఉండటం మన అదృష్టం. ఆ మాట పైకి అన్నాను కూడా. చిన్నాన్న "ఊ" కొట్టి, "ముందు బూటు దులిపి తొడుగు" అన్నాడు.

చెరువు దాటి లోపలికి వెళ్లే దారిలో జనం పలచబడ్డారు. వరస ఆయనే చెప్పాడు: ముందు తను, మధ్యలో మావాడు, వెనక నేను. పక్కపక్కన నడవకూడదు, దారి మధ్యలోనే నడవాలి. ఇయర్‌ఫోన్స్ జేబులో. రాత్రి చినుకులు పడ్డాయేమో, ఆకులు తడిగా ఉన్నాయి. ఎండ అక్కడక్కడ చారలుగా పడుతోంది.

ఒకచోట దారికి అడ్డంగా మాను పడి ఉంది. నేనైతే చెంగున దాటేసేవాణ్ణి. ఆయన ముందు మాను మీద కాలు పెట్టి, అవతల వైపు కిందకి చూసి, అప్పుడు దిగాడు. మాను నీడన పడుకున్నది దూకేవాడికి కనిపించదు గదా. మావాడూ అలాగే ఎక్కి, చూసి దిగాడు. నేను కూడా. అవతల ఏమీ లేదు, నాలుగు గండుచీమలు తప్ప.

"తాతయ్యా, మనం గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తే పాములు పారిపోతాయి కదా?" అన్నాడు మావాడు.

మాటల కన్నా అడుగులు నయమన్నాడు ఆయన. పాముకి పైకి కనిపించే చెవులుండవు, నేల అదురుని దవడతో పట్టుకుంటుంది. కర్ర తాటిస్తూ నడిస్తే నాగుపాము, జెర్రిపోతు మనకన్నా ముందే తప్పుకుంటాయి. "కానీ అన్నీ తప్పుకోవు" అని, ఆ వాక్యం అక్కడే వదిలేసి నడిచాడు.

ఓ గంట నడిచుంటాం. ముందు ఆయన ఆగిపోయాడు. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి పైకెత్తాడు. మేమూ ఆగాం. దారి ఎడమ అంచున, ఎండ పడిన చోట, రాలిన ఆకుల కుప్ప. ఆయన కర్ర ఎత్తలేదు, గడ్డంతో చూపించాడు. నాకేమీ కనిపించలేదు. మళ్లీ చూశాను. ఆకులే. పండిపోయినవి, ఎండినవి, మధ్యలో నల్లగా కుళ్లినవి. మావాడు నా చొక్కా పట్టుకుని గుసగుసగా "నాన్నా, గొలుసు" అన్నాడు.

అప్పుడు కనిపించింది. ముదురు గోధుమరంగు మచ్చలు, ఒక్కోటి కోడిగుడ్డు ఆకారంలో, అంచున నల్లగీత, దాని చుట్టూ సన్నటి తెల్లగీత. ఒకదాని వెనక ఒకటి, గొలుసు పేర్చినట్టు మూడు వరసలు. లావుపాటి ఒళ్లు, చుట్టలో సగం ఆకుల కింద. మెడ దగ్గర సన్నబడి, తల మూడు మూలలుగా వెడల్పయింది. రక్తపింజర. ఒకసారి కనిపించాక ఇంతసేపూ ఎలా కనిపించలేదో అర్థం కాలేదు. మా నుంచి దానికి రెండు మీటర్లకి కాస్త ఎక్కువ ఉంటుంది. మా అడుగుల అదురు దానికి ఎప్పుడో తెలిసే ఉంటుంది. అయినా కదల్లేదు. దాని ధైర్యమంతా ఆ ఆకుల రంగే.

మావాడి చెయ్యి జేబులోకి వెళ్లింది, ఫోన్ కోసం. ఒక్క అడుగు ముందుకు వేశాడు. అంతే, శబ్దం మొదలైంది. బుస అని పుస్తకాల్లో రాస్తారు గానీ, అది కుక్కర్ విజిల్ వచ్చే ముందు ఆవిరి ఎగజిమ్మే చప్పుడు. ఎడతెరిపి లేకుండా, అంత చిన్న తలలోంచి అంత చప్పుడు. నా కాళ్లు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు.

"వెనక్కి. ఒక్కో అడుగు. వెనకాల చూసుకుని పెట్టు" అన్నాడు చిన్నాన్న, మామూలు గొంతుతోనే. నేను ముందు వెనక్కి తిరిగి నేల చూశాను, తర్వాత అడుగేశాను, మావాడి భుజం పట్టి లాగాను. పది అడుగులు వెళ్లాక చప్పుడు ఆగింది.

పక్కనుంచి చుట్టూ తిరిగి ముందుకెళ్దామా అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "కనిపించిన దాన్ని తప్పించుకోడానికి, కనిపించని తుప్పల్లోంచి వెళ్దామంటావు?" తిరిగి వచ్చేశాం. కొండ పైదాకా వెళ్లలేదు. నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది, టికెట్ కొనుక్కుని సగంలో తిరిగి రావడం. మావాడికి అలాంటిదేమీ లేదు. "ఫొటో పోయింది" అన్నాడు, అంతే.

ఆ రోజు విదియ, భగినీ హస్త భోజనం. అక్క ఇల్లు పీఎం పాలెంలోనే. పులిహోర, బొబ్బట్లు, బూడిద గుమ్మడికాయ దప్పళం. విస్తరి ముందు కూర్చున్నాక మావాడు కథంతా చెప్పాడు, పింజరని ఇంకో మూడడుగులు పొడిగించి. మా మేనకోడలు హౌస్ సర్జన్సీ చేస్తోంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కళ్లు మూతలు పడుతున్నా, పింజర అనగానే లేచి కూర్చుంది.

"కరిస్తే ఏం చేసేవాడివి మావయ్యా?" అంది.

నేను జేబురుమాలు తీసి బిగించి కట్టేవాణ్ణన్నాను. అక్క వడ్డించడం ఆపి నన్ను చూసింది. మేనకోడలు తల పట్టుకుంది.

కట్టు కట్టకూడదు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు, ఐసు పెట్టకూడదు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా, ఎముక విరిగితే కట్టినట్టు, కర్రముక్క దన్ను పెట్టి వదులుగా కట్టాలి. వాపు ఎక్కకముందే ఉంగరం, వాచీ, మట్టెలు తీసెయ్యాలి. నడిపించకుండా మోసుకొచ్చి 108లోనో, దొరికిన బండిలోనో, పాము మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పాముని చంపి సంచిలో వేసుకు రానక్కర్లేదు. చచ్చిన పాము తల కూడా కాసేపటిదాకా కరవగలదు. మన దేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే, అందుకని డాక్టరు చూసేది పాముని కాదు, మనిషిని.

"పింజర కాటు అనుకుంటే మేమేం చేస్తామో తెలుసా?" అని పక్కనున్న గాజు గ్లాసు ఎత్తింది. రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు వదిలేస్తారట. అప్పుడు వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే. గ్లాసుని వంచి చూపించింది, అందులో మజ్జిగ. "ఆ ఇరవై నిమిషాలూ బయట నిల్చున్నవాళ్లు, ఏమీ చెయ్యట్లేదని మా మీద అరుస్తారు."

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి సుమారు 12 లక్షల మంది పోయారనీ, అంటే ఏడాదికి సగటున 58 వేలనీ తనే చెప్పింది. ఎక్కువ మంది పల్లెల్లో, అందులోనూ ఆసుపత్రి చేరకముందే. నేను బొబ్బట్టు తుంచి మళ్లీ విస్తట్లో పెట్టేశాను.

మూడో రోజు: తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు

భీమిలి రోడ్డు అందం గురించి చాలామంది రాశారు, నేను వదిలేస్తున్నాను. తొట్లకొండ మీద బౌద్ధారామం 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాల్లో బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లే ఆ పేరుకి కారణం. స్తూపం చుట్టూ, భిక్షువుల గదుల పునాదుల మధ్య సముద్రపు గాలి తగులుతూ కూర్చోవడానికి ఇంతకన్నా మంచి చోటు విశాఖలో లేదని నా అభిప్రాయం.

అలా కూర్చునే ఉన్నాను. నీళ్లు తాగుతుంటే సీసా మూత జారి, దొర్లుకుంటూ వెళ్లి, పాత గోడ రాళ్ల సందులో పడింది. వంగి చెయ్యి పెట్టాను. మోచేతి మీద ఫట్‌మని దెబ్బ. చిన్నాన్న కర్ర.

"నిన్న పింజర చూసొచ్చావు. ఇవాళ కన్నంలో చెయ్యా!"

మావాడి ముందు దెబ్బ తిన్నందుకు ఒళ్లు మండింది. కానీ ఆయన కర్రతో మూతని లాగితే, దానితోపాటు కుబుసం ముక్క బయటికొచ్చింది. పొడిగా, పల్చగా, ఉల్లిపొరలా. మా ముగ్గురి తలలూ దాని మీదే వాలాయి. పాము మూతి దగ్గర మొదలుపెట్టి, మేజోడు తిరగేసి లాగినట్టు విడుస్తుందట, అందుకే లోపలి వైపు పైకి ఉంది. వీపు మీది పొలుసులు చిన్నవి, పొట్ట కింద వెడల్పాటి పట్టీలు ఒకదాని వెనక ఒకటి. తల భాగంలో కన్ను ఉన్నచోట గుండ్రంగా చిన్న అద్దం ముక్కలాంటిది. పాముకి రెప్పలు లేవు. కంటి మీది పొర కూడా కుబుసంతోపాటే ఊడొస్తుంది. విడిచే ముందు కళ్లు పాలు పోసినట్టు మసకబారతాయనీ, సరిగ్గా కనపడక చిరాగ్గా ఉంటుందనీ చెప్పాడు. సాగి ఉంటుంది కాబట్టి కుబుసం పొడవు చూసి పాము పొడవు కొలవకూడదట. అది ఏ పాముదంటే, జెర్రిపోతుది అయ్యుండొచ్చు అన్నాడే గానీ గట్టిగా చెప్పలేదు.

మూత అక్కడే వదిలేశాను. ఆయన తీసి జేబులో వేసుకున్నాడు, కొండ మీద ప్లాస్టిక్ పారేస్తావా అని దానికీ రెండు తిట్లు.

సాయంత్రం ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎక్కువసేపు లేము. ఆ ఎర్రటి వాగుల్లో దిగి జీడిమామిడి తోపుల వైపు నడుస్తుంటే వెలుగు తగ్గిపోయింది. సూర్యాస్తమయం ఫొటోల కోసం జనమంతా అప్పుడే లోపలికి వెళ్తుంటే చిన్నాన్న మమ్మల్ని బయటికి నడిపించాడు. పగటి ఎండకి వేడెక్కిన నేల మీదికి, చల్లబడ్డాక పాములు వస్తాయి. ఫోన్ టార్చ్ ముఖాల మీద కాదు, పాదాల ముందు వేయించాడు. దారిలో రెండు తలల పాము గురించి చెప్పాడు. అదృష్టం తెస్తుందని లక్షలకి బేరం పెట్టే ముఠాల చేతుల్లో ఆ అమాయకపు పాము ఎలా చస్తుందో, కొన్నవాడూ అమ్మినవాడూ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద ఎలా లోపలికెళ్తారో. దానికి రెండో తల లేదు, తోక మొద్దుగా ఉంటుంది, అంతే.

నాలుగో రోజు: అత్తయ్య ఊరు

ఆనందపురం జంక్షన్ దాటాక రోడ్డు సన్నబడి, రెండు పక్కలా పొట్టకొచ్చిన వరి. అత్తయ్య గుమ్మంలోనే ఉంది, తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని. చిమ్మిలి, చలిమిడి, అరటిపళ్లు సిద్ధం. ఆమె కుడికాలికి మూడే వేళ్లు. మావాడు చూడనట్టు చూశాడు.

"సూడ్రా, దాచుకోడానికేటుంది" అని కాలు ముందుకు పెట్టింది.

2009 వానాకాలం. మసక చీకట్లో పొయ్యిలోకి పుల్లలు తీయబోయింది. కట్టెల మోపు కిందనుంచి పింజర. ఇంట్లోవాళ్లు పిక్క మీద ఒకటి, తొడ మీద ఒకటి తాళ్లు బిగించారు. నేనూ అక్కడే ఉన్నాను, రెండో తాడు తెచ్చి ఇచ్చింది నేనే. తర్వాత పక్క ఊళ్లో మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. వేపమండలు, ఉప్పు, మిరపకాయలు. మిరపకాయ తినిపించి కారం తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందంది, అయితే విషం దిగిపోయిందన్నాడు. రెండు గంటలు అక్కడే పోయాయి. చిగుళ్లలోంచి నెత్తురు రావడం మొదలయ్యాక ఆటో ఎక్కించాం. ఆసుపత్రిలో మందు పడింది, డయాలసిస్ చేశారు, మనిషి దక్కింది. తాళ్లు బిగించిన కాలు నల్లబడి రెండు వేళ్లు తీసేశారు. పాము తీసుకున్నదెంతో, మా తాడు తీసుకున్నదెంతో నాకిప్పటికీ తేలలేదు. మొన్న అక్క నన్ను అలా ఎందుకు చూసిందంటే, ఇంత జరిగినా విస్తరి ముందు కూర్చుని మళ్లీ కట్టు కట్టేస్తానన్నాను గదా.

పొద్దెక్కాక బయల్దేరాం. పుట్ట ఊరి చివర, తాటిచెట్ల కింద. అత్తయ్య చేతిలో కర్ర ఉంది. గడ్డి ఉన్నచోటల్లా ముందు తాటించి, అప్పుడు అడుగు వేస్తోంది. పుట్ట చుట్టూ అప్పటికే పసుపు, కుంకుమ, పిల్లల టపాకాయల మోత. లోపల పాము ఉంటే ఈ చప్పుడికి ఎప్పుడో అటు చివరనుంచి పోయుంటుందని చిన్నాన్న నా చెవిలో అన్నాడు. పుట్ట కట్టేది చెదపురుగులు, పాము అద్దెకి కూడా కాదు, ఊరికే దూరుతుంది. పాలు తాగదు. ఆయనకి ఇవన్నీ తెలుసు, అయినా చొక్కా విప్పి పక్కన నిలబడి దండం పెట్టుకున్నాడు. అత్తయ్య పాలన్నీ కన్నంలో పోయలేదు. పుట్ట అంచు మీద ఒక్క చెంచా పోసి, మిగిలింది అక్కడున్న పిల్లలకిచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు గట్టు మీద మేం పదిమందిమి. ముందెవరో "పాము! పాము!" అన్నారు. గోధుమరంగు పాము, మనిషంత పొడవు, గట్టుకి అడ్డంగా, మా కంగారు తనకేమీ పట్టనట్టు దాటుతోంది. నల్లటి పెద్ద కళ్లు, సన్నటి తల. జెర్రిపోతు. విషం లేదు, వరిలో ఎలుకల్ని పట్టేది అదే. జతకట్టి సయ్యాటలాడుతున్నాయని కొత్తబట్ట కప్పి దాచుకుంటారే, అవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు కుస్తీ పట్టడమే. ఇదంతా చిన్నాన్న మావాడికి చెబుతుండగానే, మా ముందున్న కుర్రాడొకడు కంచెలోంచి కర్ర పీకాడు. నుదుట ఇంకా తడి కుంకుమ.

అత్తయ్య తన కర్ర అడ్డం పెట్టింది. "ఇప్పుడే గదేటి పాలోసొచ్చినావు, అంతలోనే కర్రట్టుకున్నావా?"

కుర్రాడు సిగ్గుపడి, కర్ర ఏం చెయ్యాలో తెలియక, మావాడి చేతికిచ్చాడు. మావాడు దాన్ని నేలకి ఆన్చి నిలబడ్డాడు. పాము తోక వరిలోకి వెళ్లాక కూడా కంకులు కొంతదూరం కదిలాయి. అవి ఆగేదాకా అందరం గట్టు మీదే ఉన్నాం. చలిమిడికి చీమలు పడుతున్నాయని అత్తయ్య తొందరపెట్టింది.